సెట్లు బందు పెట్టిన వేళ

కెరోలిన్‌కు డాక్టరేటు ఎందుకు రాలేదని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. రాష్ట్రం వచ్చింది, సంబరాలు అయిపోయాయి, ఆ సంగతి జరిగి రెండేళ్ళు దాటింది. అయినా కూరగాయల బండి దగ్గరా ఇదే ప్రశ్న, పెన్షన్ కోసం బ్యాంకుకు పోతే అక్కడా ఇదే ప్రశ్న. అంత చదివిన పిల్ల చేతికందిన దాన్ని నేలపాలు చేసుకుంది గదా టీచరమ్మా అని జాలి ఒలకబోస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఏం జరిగిందో తెలియకుండా జాలి పడటం కూడా ఒక రకం నోటి దురదే. అందుకే ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను. ఇకమీద ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెడతాను, నా గొంతు మిగులుతుంది.

నా పేరు అనసూర్య. గోదావరిఖనిలో పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. అప్పట్లో ఎనిమిదో ఇంక్లైన్ అనే బొగ్గుబాయి కాలనీలో మా క్వార్టరుకూ యేసయ్య క్వార్టరుకూ మధ్య ఒక్క గోడే. వాళ్ళింట్లో పప్పు మాడితే మా ఇంట్లో తెలిసేది. యేసయ్య బాయిలో బొగ్గు పనికి చేరి ముసలివాడైన మనిషి. ఆయన భార్య రాహేలు. కెరోలిన్ వాళ్ళ చిన్నబిడ్డ, నా దగ్గర చదువుకున్న పిల్ల. లెక్క తప్పితే తప్పిన చోటు దొరికేదాకా అన్నం ముట్టేది కాదు. రాహేలు వచ్చి నన్ను తిట్టిపోయేది, నా బిడ్డకు ఏం మందు పెట్టినవక్కా అని.

మా కాలనీకి కొంచెం దూరంలో ఓపెన్‌కాస్టు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, బొగ్గు కోసం సొరంగం తవ్వకుండా నేలనే పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ పోవడం. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తరువాత బ్లాస్టింగు. ఇల్లు ఒక్కసారి ఊగి నిలబడుతుంది. సైరన్ వినగానే రాహేలు స్టీలు గిన్నెలు గూట్లోంచి తీసి కింద పెట్టేది, బాంబు పేలినాక మళ్ళీ ఎక్కించేది. మా వాడకట్టులో ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. చేతులు వాటంతట అవే పోతాయి, నోటితో మాట్లాడే మాట ఆగదు.

కెరోలిన్ ఇంజినీరింగు చదివి, జ్యోతినగర్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పడానికి చేరింది. ఆ ఉద్యోగం చేసుకుంటూనే హైదరాబాదులో ఒక ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీకి పేరు రాయించుకుంది. నువ్వు చేసేది ఏందే అని అడిగితే కాగ్నిటివ్ రేడియో అంది. తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, వాళ్ళ నాయన పెళ్ళి కాకముందు ఉన్న గది సంగతి ఎత్తింది.

ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఒక్కో గదిలో కిక్కిరిసి ఉండేవాళ్ళు. మనుషులు ఎక్కువ, మంచాలు తక్కువ. మొదటి షిఫ్టు వాడు డ్యూటీకి పోగానే రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు అదే మంచం మీద పడుకునేవాడు. మంచం మాత్రం మొదటివాడిదే. వాడు తిరిగొస్తే నిద్రలో ఉన్నా లేవాల్సిందే. గాలిలో రేడియో దారులు కూడా అట్లాంటివేనట. ఒక్కో దారి ఒకరికి రాసిచ్చి ఉంటుంది, దాన్నే స్పెక్ట్రం అంటారు. కొనుక్కున్నవాడు పొద్దంతా మాట్లాడడు. వాడు మాట్లాడనప్పుడు ఆ దారి ఖాళీ. తెలివైన రేడియో ముందు చెవి పెట్టి వింటుంది. ఎవరూ లేరని తెలిస్తే తన మాట చెప్పుకుంటుంది, యజమాని గొంతు వినబడగానే తప్పుకుంటుంది. ఇంత సంగతికి డాక్టరేటా అని నేను అనబోయాను. అసలు చిక్కు ఇంకోటి ఉందని తనే చెప్పింది. ఆ రేడియో బ్యాటరీ మీద బతకాలి. మాట్లాడటం ఒక్క క్షణమే, వినడం మాత్రం పొద్దస్తమానం. అందుకని వినడానికే ఎక్కువ బ్యాటరీ ఖర్చవుతుందట. ఈ ముక్క నా పెళ్ళైన కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అన్నాను. పకపకా నవ్వింది.

తక్కువ విని, తప్పు లేకుండా పంచుకోవడం ఎట్లా అన్నదే ఆమె పరిశోధన. అది కంప్యూటర్లో చూపిస్తే చాలని ప్రొఫెసరు అన్నాడు. ఈమె వినలేదు, మన గడ్డ మీదే చూపిస్తానంది. దానికీ కారణం ఉంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని తీసి గుట్టలు గుట్టలుగా పోస్తారు. వానాకాలం వస్తే ఆ గుట్టలు జారతాయి. కింద మట్టి మోసే డంపర్లుంటాయి, మనుషులుంటారు. గుట్ట ఏ కాస్త ఒరిగినా పసిగట్టే చిన్న పెట్టెలు చేసి అక్కడక్కడ కట్టాలని ఆమె ఆలోచన. ఆ పెట్టెలు తమ కబురు ఆఫీసు షెడ్డుకు పంపాలి. సొంత దారి కొనే స్తోమత కాలేజీకి లేదు. అక్కడి పనివాళ్ళ వాకీటాకీల దారి ఉంది కదా, వాళ్ళు మాట్లాడనప్పుడు మన పెట్టెలు మాట్లాడుకుంటాయి అంది. మట్టి పని ఒక ప్రైవేటు కాంట్రాక్టరు చేతిలో ఉండేది. వాళ్ళ మేనేజరు లింగమూర్తి, ఖర్చు లేని పని కదా కట్టుకో అని నోటిమాటగా ఒప్పుకున్నాడు. పై వాళ్ళెవరికీ చెప్పలేదని తరువాత తెలిసింది.

పెట్టెలు కట్టడానికి సాయం వచ్చినవాడు బిక్షం. ఆ గని అంచున ఉన్న ఊరివాడే. వాళ్ళ మక్కజొన్న చేను ఉన్న చోట ఇప్పుడు మట్టి గుట్ట ఉంది. బ్లాస్టింగు ముఠాలో హెల్పరు, కాంట్రాక్టు కూలి. మొదట మేడం మేడం అన్నాడట. కెరోలిన్ అన్నా అని పిలిచేసరికి చెల్లె అనడం మొదలుపెట్టాడు. ఒక మెట్టు అంచున కర్ర పాతి, దాని మీదికి తనే ఎక్కి ఒక పెట్టె బిగించాడు. దాని మూతి దగ్గర చిన్న ఎర్రలైటు ఉంది. ఇది దేనికి చెల్లె అని అడిగితే, పని చేస్తున్నదని గుర్తు అని చెప్పింది. ఇంకో మాట కూడా అంది. ఆ మాట ఆమే తరువాత నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

"ఇది మాట్లాడేది తక్కువన్నా. వినేదే ఎక్కువ."

పెట్టెలు బాగా పనిచేశాయి. పొదుపు కోసం కెరోలిన్ వాటికి రెండు పద్ధతులు నేర్పింది. అన్ని పెట్టెలూ వినక్కర్లేదు, వంతుల వారీగా ఒకటి విని మిగతావాటికి చెబితే చాలు. రెండోది, రోజూ వింటూ పోతే ఏ వేళ దారి సందడిగా ఉంటుందో, ఏ వేళ ఖాళీగా ఉంటుందో పెట్టెకే తెలిసిపోవాలి. సందడి వేళల్లో కళ్ళు మూసుకుని పడుకుంటుంది. బాగా ఖాళీగా ఉండే వేళ లేచి, దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారే పంపి మళ్ళీ పడుకుంటుంది. చలికాలం వచ్చేసరికి పెట్టెలు అట్లాంటి వేళ ఒకటి కనిపెట్టాయి. మధ్యాహ్నం పూట, రోజూ దాదాపు అదే సమయానికి, వాకీటాకీలు ఒక్కటి కూడా పలకవు. అన్ని పెట్టెలూ తమ పనంతా ఆ వేళకే మార్చుకున్నాయి. బ్యాటరీ ఖర్చు సగానికి సగం పడిపోయింది.

ఆ సంగతి చెప్పడానికి కెరోలిన్ ల్యాప్‌టాప్ పట్టుకుని సెలవు రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి నన్ను పిలిచింది. గ్రాఫు మీద ఒకచోట లోయలాగా గీత కిందికి దిగి ఉంది. చూడండి టీచర్, ఈ వేళ ఎంత శుభ్రంగా ఉందో అని వేలు పెట్టి చూపించింది. ప్రొఫెసరు మెచ్చుకున్నాడట, ఒక సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారట, ఇక సమర్పించడమే ఆలస్యమట. ఆమె చెబుతుండగానే సైరన్ మోగింది. రాహేలు గిన్నెలు దించడం మొదలుపెట్టింది. టేబులు మీది నీళ్ళ గ్లాసును కెరోలిన్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ లోయను చూపిస్తూనే ఉంది. ఇల్లు ఊగింది. గ్లాసులో నీళ్ళు తొణికాయి. ఆమె తన మాట ఆపలేదు.

సైరన్‌కు ముందు గనిలో ఏం జరుగుతుందో గోదావరిఖనిలో పుట్టిన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుంటల్లో మందు నింపి, దాన్ని పేల్చే డిటోనేటర్ల తీగలు పరుస్తారు. ఆ పని మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా అక్కడ ఉన్నవాళ్ళంతా సెట్లు, అంటే చేతిలోని వాకీటాకీలు, బందు పెట్టాలి. తీగ పొడుగ్గా పరిచి ఉంటే అది ఏరియల్ లాగా పని చేస్తుంది. దగ్గరలో రేడియో పలికిందంటే ఆ కొద్దిపాటి శక్తికే డిటోనేటరు అంటుకోవచ్చు. అందుకే ఆ వేళ ఎవరూ మాట్లాడరు. చేతి సైగలు, ఎర్రజెండా, ఈల, అంతే. కెరోలిన్‌కు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతి ఇంట్లో ఉంది, గ్రాఫు ల్యాప్‌టాప్‌లో ఉంది, రెండూ ఆమె బుర్రలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. బాయి పిల్ల కాకపోయుంటే అడిగేదేమో, ఈ వేళ ఎందుకింత నిశ్శబ్దం అని. మాకు ఆ నిశ్శబ్దం గోడ గడియారంలాంటిది, ఉందని కూడా గుర్తుండదు.

ఎండలు ముదరకముందు ఒక మధ్యాహ్నం, సైరన్ మోగకుండానే చిన్న చప్పుడు వినబడింది. తీగలు పరుస్తున్నప్పుడు ఒక డిటోనేటరు తనంతట తానే పేలింది. మందు గుంటలకు ఇంకా కలపలేదు కాబట్టి అక్కడితో ఆగింది, లేకపోతే ఎంతమంది పోయేవాళ్ళో. బిక్షం దానికి దగ్గరగా ఉన్నాడు. చెంప చీలింది, ఎడమ చెవిలో నెత్తురు కారింది. దవాఖానలో ఆ చెవి ఇక పనికిరాదన్నారు.

విచారణ మొదలైంది. ఆకాశంలో మబ్బు లేదు, పిడుగు కాదు. దగ్గరలో కరెంటు తీగ లేదు. మిగిలింది వాకీటాకీ. మిగతావాళ్ళు పరుగెత్తి వచ్చేసరికి బిక్షం చేతిలో సెట్టు ఆన్‌లో ఉంది. పేలినాకనే బండిని పిలవడానికి ఆన్ చేశానని వాడు మొత్తుకున్నాడు. నెత్తురోడుతున్న మనిషి ఆ పూట ఏ మీట ఎప్పుడు నొక్కాడో గుర్తుంటుందా అని లింగమూర్తి కొట్టిపారేశాడు. అక్కడ ఇంకే రేడియో ఐనా ఉన్నదా అని అడిగితే బిక్షమే లేదన్నాడట. ఆ మాటతో లెక్క తేలిపోయింది. తప్పు వాడిదే అని రాస్తే పని నుంచి తీసేస్తారు, చెవికి నష్టపరిహారం రాదు, పైగా నలుగురి ప్రాణాల మీదికి తెచ్చినవాడన్న పేరు ఊరంతా. గనుల భద్రత చూసే అధికారి వచ్చి ఒకసారి విని సంతకం పెడితే అయిపోతుంది.

కెరోలిన్‌కు మొదట ఏమీ తోచలేదు. బిక్షం అన్నకు దెబ్బ తగిలిందని ఏడ్చింది, దవాఖానకు పండ్లు తీసుకుపోయి వాడు నిద్రపోతుంటే మల్లక్కకు ఇచ్చి వచ్చింది. మల్లక్క బిక్షం భార్య. నా మొగుడు మీట బందు పెట్టకుండ ఉండే మనిషేనా అమ్మా అని ఆమె అడిగితే కాదని ధైర్యం చెప్పింది కూడా. తరువాత ఒకరోజు మధ్యాహ్నం కాలేజీకి పోక ఇంట్లోనే ఉంది. సైరన్ మోగింది. రాహేలు గిన్నెలు దించింది. కెరోలిన్ కూర్చున్నచోటనే బిగుసుకుపోయింది. లేచి ల్యాప్‌టాప్ తెరిచి, ఆ రోజు ఆ కర్ర మీది పెట్టె తన కబుర్లు ఎప్పుడు పంపిందో చూసింది. డిటోనేటరు పేలిన వేళా అదీ ఒకటే. ల్యాప్‌టాప్ నుంచే అప్పటికప్పుడు పెట్టెలన్నీ ఆపేసింది.

చెప్పులతోనే మా ఇంట్లోకి వచ్చింది. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పి, నేలమీద కూర్చుని గోడకు తల ఆనించింది. నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. చప్పట్లు కొట్టిన సమావేశం మీదా, నోటిమాటగా ఒప్పుకున్న లింగమూర్తి మీదా, ఈ పిల్ల మీదా? నిజంగానే అదే పేల్చిందని చెప్పగలవా అని అడిగాను. చెప్పలేనంది. కానీ ఆ పెట్టె పక్కనుంచే తీగ పోయిందట, అది ఆ క్షణానే పలికిందట, మీట బందు పెట్టానని బిక్షం ప్రమాణం చేస్తున్నాడట. ఇంకేం కావాలి టీచర్ అంది.

హైదరాబాదుకు ఫోను చేస్తే ప్రొఫెసరు మంచిమాటే చెప్పాడు, పాపం అతనూ దుర్మార్గుడు కాదు. రుజువు లేని దాన్ని నెత్తిన వేసుకోకమ్మా, ముందు సమర్పించు, డిగ్రీ చేతికొచ్చినాక ఈ లోపం మీద ఇంకో వ్యాసం రాయి అన్నాడు. రాహేలు బిడ్డ చేతులు పట్టుకుంది. తూటాలు మనం పెట్టలేదు గదా, ఎవరో అడగకముందే మనం పోయి మెడ ఇచ్చుడెందుకు అని బతిమాలింది. నన్ను కూడా చూసింది, నువ్వన్నా చెప్పక్కా అన్నట్టు. నేను చూపు తిప్పుకున్నాను. యేసయ్య వాకిట్లో చెప్పుల జత సరిచేస్తూ అన్నాడు.

"చెప్తె నీ చదువు పోతది. చెప్పకుంటె వాని కూడు పోతది. నేను నిన్నేం చెయ్యమనాలె బిడ్డా?"

అంత మొండి పిల్ల కెరోలిన్, ఆ వారమంతా ఏ పనీ చేయలేక తిరిగింది. కాలేజీకి పోయి క్లాసు చెప్పకుండా వచ్చేది. నా వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది, తీసినవే మళ్ళీ తీసేది. ఆదివారం చర్చిలో అందరూ లేచినా మోకాళ్ళ మీంచి లేవలేదని రాహేలు చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకు భయమేసింది. తప్పు ఒప్పుకోవడం గొప్ప సంగతని పిల్లలకు బోర్డు ముందు నిలబడి చెప్పడం తేలిక. తన చేత్తో కట్టినదాన్ని తనే కూల్చుకోవాల్సిన పిల్ల ఎదురుగా కూర్చుంటే ఒక్క మాట రాలేదు.

చివరికి లింగమూర్తి దగ్గరికి పోయింది. నేనూ వెంట పోయాను. అతను అంతా విని, తలుపు దగ్గరికి వేసి, చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ పెట్టెది పిల్ల శక్తి మేడం, దానితో ఏం పేలుతుంది, మీరు పోయి చదువు పూర్తి చేసుకోండి, విచారణ అయిపోయినట్టే అన్నాడు. ఆ మర్యాద ఎందుకో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పెట్టె సంగతి బయటికొస్తే దాన్ని ఎవరి అనుమతితో కట్టారన్న ప్రశ్న వస్తుంది. బిక్షం తప్పైతే అందరికీ హాయి, ఒక్క బిక్షానికి తప్ప. నీ కుర్చీ కోసం వాడి చెవీ, వాడి పేరూ రెండూ కావాలా నాయనా అని అడిగేశాను. అతను నా వయసుకు గౌరవం ఇచ్చి ఊరుకున్నాడు. బయటికొచ్చినాక కెరోలిన్ ఏడవలేదు. ఆ వారంలో మొదటిసారి ఆమె ముఖం నా క్లాసులో కూర్చున్నప్పటిలా కనిపించింది, తప్పిన చోటు దొరికినప్పటిలా.

అధికారి వచ్చిన రోజు ఇద్దరం ఆఫీసు షెడ్డుకు బయల్దేరాం. కెరోలిన్ సంచిలో అదే పెట్టె. ముందురోజే కర్ర మీంచి విప్పి తెచ్చుకుంది. గేటు దగ్గర మమ్మల్ని ఆపారు. బిక్షం వాళ్ళ ముఠా పెద్ద ఆగయ్య వచ్చి, వీళ్ళు నా మనుషులని చెప్పి లోపలికి తీసుకుపోయాడు. ఆగయ్య ఏళ్ళ తరబడి పేలుడు తూటాలతో బతికినవాడు. బిక్షం మీట మరిచిపోయాడన్న మాట అతనికి మొదటి నుంచీ గొంతు దిగలేదు. షెడ్డులో అధికారి, లింగమూర్తి, ముఠా మనుషులు, ఒక మూలన చెంపకు కట్టుతో బిక్షం. ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ మాట పట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు.

కెరోలిన్ తన పేరు చెప్పి, ఒక్క సంగతి చూపించడానికి అనుమతి అడిగింది. లింగమూర్తి అడ్డం పడబోయాడు. అధికారి చూపించమన్నాడు. పెట్టెను టేబులు మీద పెట్టి ఆన్ చేసింది. బ్లాస్టింగు పని చేసేటప్పుడు మీరు ఎట్లుంటరో ఇప్పుడు అట్లనే ఉండుండ్రి అని ముఠా వాళ్ళను అడిగింది. ఒక్క సెట్టును మాత్రం వినడానికి తెరిచి, మాట్లాడకుండా అధికారి ముందు పెట్టించింది.

అది సరిగ్గా మధ్యాహ్నం వేళ. అందరూ సెట్లు బందు పెట్టారు, టక్ టక్ మని వరసగా. ఎవరూ మాట్లాడలేదు. షెడ్డు రేకుల మీద ఎండ చిటపటలాడటం వినబడింది. లింగమూర్తి గడియారం చూసుకున్నాడు. కాసేపటికి అధికారి ఏదో అనబోయి నోరు తెరిచాడు.

పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. ఆయన ముందున్న సెట్టు గరగరమని అరిచింది. గుట్ట కబుర్లన్నీ, దాచుకున్నవన్నీ, ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆగయ్య టేబులు దగ్గరి నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు, ముఠా మొత్తం అతని వెనక సర్దుకుంది. వాళ్ళ కళ్ళలో భయం చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ ప్రతి మధ్యాహ్నం, వాళ్ళు తీగలు పరిచే వేళకే, తలల మీద ఇది ఇట్లా పలుకుతూ ఉందన్నమాట.

"అందరు మాట బందు పెడితె ఇది ఖాళీ అనుకుంటది సార్. గట్ల నేర్పింది నేనే," అంది కెరోలిన్.

అధికారి ఆ పెట్టెను ఆపమన్నాడు. ఆపింది.

తరువాత జరిగింది తొందరగానే చెబుతాను. అదే పేల్చిందని ఎవరూ తేల్చలేదు, కానీ బిక్షం తప్పని కూడా రాయలేదు. చెవికి రావాల్సింది వచ్చింది, గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. లింగమూర్తిని ఇంకో చోటికి పంపారు. కర్రల మీది పెట్టెలన్నీ విప్పేశారు. కెరోలిన్ సిద్ధాంత గ్రంథానికి గుండెకాయ ఆ మధ్యాహ్నపు లోయే. దాన్ని తనే తీసేసింది. తీసేశాక సమర్పించడానికి ఏమీ మిగల్లేదు. ప్రొఫెసరు ఇంకో విద్యార్థిని చూసుకున్నాడు. ఇప్పుడు కెరోలిన్ మళ్ళీ మొదటి నుంచి చేస్తోంది. జనం ఒక్కొక్కరే మాట మానేయడం వేరు, అందరూ ఒక్కసారే మానేయడం వేరు, రెండోదాన్ని చూస్తే పెట్టె నోరు మూసుకోవాలి అంటోంది. దానికి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుందట. కానివ్వు అన్నాను. ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు, పూర్తయినా ఎవరు ఇస్తారో తెలియదు.

బిక్షం ఇంటికి పోవడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. ఎండలు పోయి తొలకరి పడ్డాక ఒక సాయంత్రం నన్ను తోడు రమ్మంది. గని అంచున వాళ్ళ ఊరు, సగం ఇళ్ళు ఖాళీ చేసి పోయారు. మల్లక్క మంచం వాల్చి మమ్మల్ని కూర్చోమంది, చాయ్ పెడతానని లోపలికి పోయింది. బిక్షం అరుగు మీద ఉన్నాడు. కెరోలిన్ మంచం మీద కూర్చోకుండా పోయి ఆయన కుడి పక్కన కూర్చుంది, వినబడే చెవి పక్కన. షెడ్డులో ఆ రోజు చెప్పింది ఆయనకు సగమే అందింది. అందుకని మళ్ళీ మొదటి నుంచి మొత్తం చెప్పింది. పెట్టె ఎట్లా నేర్చుకుందో, ఆ వేళనే ఎందుకు ఎంచుకుందో, తనకు ఎప్పుడు తెలిసిందో, తెలిశాక కూడా కొన్నాళ్ళు ఎట్లా నోరు మూసుకుందో. క్షమించమని అడిగింది.

బిక్షం తల ఊపుతూ విన్నాడు. కోపం తెచ్చుకోలేదు, తెచ్చుకుంటే బాగుండేదని నాకనిపించింది. గుట్ట వైపు చూశాడు. నాకొకటి అడగాలనిపించి అడిగేశాను, విచారణలో ఇంకో రేడియో ఉన్నదా అంటే లేదని ఎందుకు చెప్పావురా అని. ఆయన నా వైపు తిరిగి, తరువాత కెరోలిన్ వైపు తిరిగాడు. గొంతు ఎంత పెంచాలో తెలియక కొంచెం గట్టిగానే మాట్లాడాడు.

"పేలేటి ముందు దాని ఎర్రలైటు ఎలిగింది, నేను చూసిన. వింటున్నదనుకున్న చెల్లె."